కోళ్ళ గంప

భీమక్క మోసం చేసి చచ్చిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ముప్పై నాలుగేళ్ళు ఒకే కప్పు కింద బతికిన మనిషి కడుపులో గడ్డ పెట్టుకుని మూడేళ్ళు మొగుడికి ఒక్క మాట చెప్పకుండా తిరిగిందంటే, చెప్పక తప్పని రోజు వచ్చేసరికి నోట మాట రాని స్థితికి చేరిందంటే, దాన్ని మోసం అనక ఇంకేమంటారు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆ నల్లటి ఫొటోను కిటికీ వెలుతురుకు పట్టి చూసి, ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారయ్యా అని అడిగినప్పుడే దాసన్న ఈ సంగతి తేల్చేసుకున్నాడు. నన్నడిగితే ఏం లాభం, దాన్నడుగు, అనుకున్నాడు. పిల్లాజెల్లా లేని ఇల్లు. ఉన్నది ఇద్దరు. నోరున్న మనిషి చెప్పకపోతే గోడలు చెబుతాయా. భీమక్క ఆ తర్వాత పదకొండో రోజుకు పోయింది. ఎల్లుండికి ఏడాది.

మ్యూజియం గోడ గడియారం పదకొండు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. సారు పన్నెండుకు వస్తాడని, సారు లేకుండా ఇక్కడి పుల్ల కూడా ఎవరూ కదిలించరని వాకిట్లో కాపలా మనిషి చెప్పి ప్లాస్టిక్ కుర్చీ చూపించాడు. గంటసేపు కూర్చోవాలి. కూర్చోవడం దాసన్నకు కొత్త కాదు, వల వేసి గట్టు మీద కూర్చున్న బతుకే, కానీ అక్కడ కూర్చుంటే ఎదురుగా నీళ్ళుండేవి, ఇక్కడ కూర్చుంటే ఎదురుగా తన ఇల్లే ఉంది. గోడ నిండా తన ఇల్లు. మేకులు కొట్టి, దారాలు కట్టి, కింద అట్టముక్కలు పెట్టి. పైన పెద్ద అక్షరాలతో 'చెరువు ఒడ్డు జీవనం' అని రాసి ఉంది. ఐదో తరగతి దాకా బడికి పోయినవాడు గనక దాసన్న కూడబలుక్కుంటూ చదివాడు. జీవనమంట. జీవనం చేసేటప్పుడు ఒక్కడూ వచ్చి చూడలేదు, చెరువును కంట్రాక్టరు వేలంలో పాడుకుని, చేపపిల్లల సీడు పోసి, నైలాను వలలతో గోకి అమ్ముకునే రోజులొచ్చాక, అటకెక్కిన సామాన్లకు దండం పెట్టడానికి జీపు వేసుకుని వచ్చారు.

చెరువు మీద తిరగడానికి వెదురుతో అల్లి తోలు కట్టిన తన పుట్టి గోడకు ఆనించి నిలబెట్టి ఉంది, బోర్లించిన పెద్ద పెనంలా. దాని తోలు నబీ సాహెబ్ ఇంటిది. నబీ వాళ్ళ నాయన ఎనుము తోలు ఇచ్చేవాడు, దాసన్న వాళ్ళ నాయన వారానికొక కుండెడు చేపలు ఇచ్చేవాడు, ఇద్దరూ పోయారు, తోళ్ళూ పోయాయి, ఇప్పుడు నబీ ఎర్రచెరువు కొట్టాలకూ కర్నూలుకూ మధ్య ఆటో నడుపుతున్నాడు. బయట వేపచెట్టు నీడలో ఆ ఆటోలోనే కాళ్ళు బార్లా చాచి పడుకుని ఉన్నాడు. ఏడాదిగా చెవిలో ఊదుతున్నది వాడే. పోదాం పా దాసన్నా, అడుగుదాం పా దాసన్నా, ఇచ్చినోనివి నువ్వే గదా, అడిగితే ఇయ్యకేం జేస్తారు, ఆయమ్మ చెయ్యి నీళ్ళలో ఎదుకుతాంటాదని ఆడోళ్ళంతా అంటాండారు, నాకే నిద్ర పట్టడంలేదప్పా. ఎవరి భార్య పోతే ఎవరికి నిద్ర పట్టదో. దాసన్నకు పట్టింది. కోపంగా ఉన్న మనిషికి నిద్ర బాగానే పడుతుంది.

పుట్టి పక్కన విసురు వల. తంగేడు చెక్క కాచిన నీళ్ళలో ముంచిన రంగు ఇంకా పోలేదు. దాని కింద అట్టముక్క సరిగానే ఉంది. ఆ పక్కన ఎండు సొరకాయ బుర్ర, 'నీరు తాగు పాత్ర' అని రాశారు. నీరు తాగడానికి చెరువు ఉండగా బుర్ర ఎందుకురా, అది ఈతరాని పిల్లల నడుముకు కట్టేది, దాసన్న నడుముకు వాళ్ళమ్మ కట్టింది, అది కట్టుకునే అలుగు దగ్గర మొదటిసారి కాళ్ళు ఆడించాడు. ఆ పక్కన గాజు పెట్టెలో మట్టి గుండ్లు, బొక్కలున్నవి, వల అంచుకు కట్టేవి, బరువుకు. 'మట్టి పూసలు. అలంకరణ.' అవి మెళ్ళో వేసుకుని ఏ ఆడది తిరిగిందో రాసినవాణ్ణే అడగాలి. దాసన్నకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఎందుకంటే ఆ గాజు పెట్టె పక్కన, అరచేయి మందం చెక్క దిమ్మె మీద, వెడల్పు మూతి కిందికీ ఇరుకు మూతి పైకీ పెట్టి, అది ఉంది. దాని ముందు అట్టముక్క ఉంది. అతను దాన్ని మూడుసార్లు చదివాడు. 'కోళ్ళను కమ్మే గంప. వెదురు. అల్లినవారు: తెలియదు. ఇచ్చినవారు: దాసన్న, ఎర్రచెరువు కొట్టాల.'

అల్లినవారు తెలియదు. ఇచ్చినవాడు తెలుసు. ఇచ్చినవాడికి శాలువా కూడా కప్పారు. ఆ రోజు పుట్టి పక్కన నిలబెట్టి ఫొటో తీశారు, దాసన్న మీసం దువ్వుకున్నాడు, అటక మీద ఉన్నవి, చూరుకు వేలాడేవి, పెరట్లో ఉన్నవి, అన్నీ తీసుకుపోండప్పా, ఇంగ మాకెందుకు, అని చెయ్యి ఊపాడు, దానకర్ణుడిలా. చూరుకు వేలాడుతున్న దాన్ని జీపు మనిషి కర్రతో దించుతుంటే భీమక్క గడపలో కూర్చుని ఉంది. అది... అంది. అంతే అంది. ఇంకొకటి అల్లుకుందువులే అన్నాడు దాసన్న. ఆమె లేచి వచ్చి, జీపులోకి ఎక్కించిన దాని మీది దుమ్ము కొంగుతో తుడిచి, అల్లుకుంటాలే అని లోపలికి పోయింది. నాలుగు నెలలకు చచ్చిపోయింది. అల్లుకోలేదు. శాలువా మాత్రం ఆమె మీద కప్పడానికి పనికొచ్చింది.

కోళ్ళ గంప. ఎర్రచెరువు ఆడవాళ్ళు వింటే చీపురు తీసుకుంటారు. అది ఊత. అడుగు లేని బుట్ట. ఎండాకాలం చెరువు ఇంకిపోయి మోకాలి లోతు బురదనీళ్ళు మిగిలినప్పుడు మగవాళ్ళ వలలకు పనుండదు, అప్పుడు ఆడవాళ్ళు దిగుతారు, ఇరవై మంది, పాతిక మంది, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక వరస, ఒకేసారి అడుగు, ఒకేసారి ఊత దించడం, దబ్బుమని, బురదలో దాక్కున్న కొరమీను ఊతలో చిక్కి కొట్టుకుంటే వెదురు అదురుతుంది, అప్పుడు పై కంతలోంచి చెయ్యి దూర్చి దవడ దొరకబుచ్చుకోవాలి. వరస తప్పితే చేప తప్పుతుంది. పై కంత వదులైతే చేప చేతి పక్కనుంచే ఎగిరిపోతుంది. అందుకే ఎవరి ఊత వాళ్ళే అల్లుకోవాలి, ఎవరి చేతి లావుకు వాళ్ళు, మోచేయి దాటి ఒరుసుకుంటూ దూరేటట్టు. అత్త ఊత కోడలికి పనికిరాదు. అక్క ఊత చెల్లెలికి పనికిరాదు. మనిషి పోతే పదకొండో దినం ఆమె ఊతను చెరువులో దించి, ఇంటివాళ్ళెవరైనా పైనుంచి చెయ్యి పెట్టి, ఖాళీ చెయ్యి తీసి, దాన్ని అక్కడే వదిలేసి వెనక్కి చూడకుండా రావాలి. ఆ రోజు కుదరకపోతే ఏడాదిలోపల. అది చేయకపోతే పోయినామె చెయ్యి ఆరదంటారు, నీళ్ళలోనే వెతుకుతూ ఉంటుందంటారు. భీమక్క పదకొండో దినం నాడు ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి ఎదురుచూశారు. దాసన్న వట్టి చేతులతో పోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం ఆ కొట్టాలలో ఒక విద్య.

పెళ్ళైన కొత్తలో భీమక్క చెయ్యి దుంగలా ఉండేది. అప్పుడే అల్లిన ఊత గట్టు మీద పెట్టి, ఏదీ, నువ్వు పెట్టు చెయ్యి, అంది. దాసన్న పెట్టాడు. భుజం దాకా జారిపోయింది, చుట్టూ ఖాళీ. వరసలో ఉన్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. పొట్టి బాలమ్మ అని ఒకతి ఉండేది, ఇదేం మొగోడే భీమక్కా, బెండకాయ తెచ్చుకున్నావు, అంది. ఇరవై రెండేళ్ళవాడు, చెవులు కాలాయి. భీమక్క ఆ ఊతను ఎత్తి అతని తల మీంచి బోర్లించి, ఇది దొరికింది నాకు, ఇంగ దీన్నే వండుకోవాల, అంది. ఆ రాత్రి కొరమీను పులుసులో చింతపండు ఎక్కువైంది. ఎక్కువైందని చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. అతను ఏ రోజూ చెప్పకుండా ఉండలేదు. ఉప్పు, కారం, నీళ్ళు పట్టే వేళ, చీర ఆరేసే చోటు, అన్నీ చెప్పాడు. చెప్పే మనిషి ఇంట్లో ఒకడు చాలనుకుందేమో ఆమె.

కుర్చీలోంచి చూస్తే ఊత పై కంతకు చుట్టిన గుడ్డ కనపడుతోంది. వెదురు చెయ్యి గీరకుండా పాత చీరముక్క చుడతారు, అది అందరూ చేసేదే. కానీ అక్కడ పైన కనపడుతున్నది చీర కాదు, నీలం గళ్ళు. దాసన్న కళ్ళు చికిలించాడు. తన లుంగీ. ఆత్మకూరు సంతలో తెచ్చుకున్నది. రెండుసార్లు ఉతికాడో లేదో దండెం మీద లుంగీకి ఒక అంచు లేదు, జానెడు వెడల్పున నిలువునా చించేసి ఉంది. లుంగీ యాల చించినావు అని అడిగాడు. కావాల్సొచ్చింది అంది. చీరలు లేవా. ఉండే రెండూ అయిపోయినాయి అంది. అదేం జవాబు. రెండు రోజులు మాట్లాడలేదు అతను. ఆమె అన్నం పెట్టి పక్కకు పోయేది. మూడో రోజు ఆమే వచ్చి, ఇదో, నీ లుంగీకి మూతి కుట్టినాలే, చిన్నగైనా కట్టుకోవచ్చు, అంది. చచ్చినా కట్టుకోను అన్నాడు. ఇప్పటికీ అటక మీదే ఉంది. మాట నిలబెట్టుకున్నాడు.

చెప్పుల చప్పుడు. ఒక అమ్మాయి స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చింది, చంకలో ఫైలు. పేరు ప్రమీలారాణి అని, ఇక్కడి వస్తువుల వివరాలు రాసేది తనేనని చెప్పింది. సారు డోన్ దగ్గర ఉన్నారు, వచ్చేస్తున్నారు, అంది. రాసేది నువ్వేనా, అని దాసన్న గ్లాసు తీసుకోకుండానే అడిగాడు. ఆమె అవునంది. అప్పుడు అతను లేచి నిలబడి, బుర్రా, గుండ్లూ, ఊతా, మూడూ వేలితో చూపించి, చెప్పాల్సినదంతా చెప్పాడు. కోళ్ళను కమ్మేదానికి పైన కంతెందుకమ్మా, కోడి ఎగిరిపోదా, నీ చదువుకో దండం, అన్నాడు. ఆమె మొహం ఎర్రబడింది కానీ పోలేదు. అక్కడే నేల మీద కూర్చుని పెన్ను తీసింది. నేనూ అదే అనుకున్నాను పెద్దాయనా, పైన కంతెందుకా అని, జీపులో వెళ్ళినవాళ్ళు గంప అని రాసుకొచ్చారు, నేనప్పటికి ఉద్యోగంలో చేరలేదు, అంది. అడిగింది. దాసన్న చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు పెద్దదైంది. వరస గురించి, దబ్బుమనే చప్పుడు గురించి, చేతి లావుకు కంత అల్లుకోవడం గురించి, భీమక్క చెయ్యి పెడితే ఖాళీగా రాదని చుట్టుపక్కల మూడు చెరువుల్లో ఉన్న పేరు గురించి. ఏడాదిగా ఆమె గురించి ఒక్క మంచి మాట అననివాడు కోపంలో అన్నీ అనేశాడు. అమ్మాయి రాసుకుంటూ రాసుకుంటూ ఆగింది.

ఫైలులోంచి ఒక కార్డు తీసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఇందులో నాకర్థం కానిది ఒకటుండింది, ఇప్పుడు మీరు చెప్పాక... అని మొదలుపెట్టి, కార్డు అతని వైపు తిప్పింది. చదివి వినిపించలేదు. అట్టముక్కలు చదివినవాడు ఇదీ చదువుతాడనుకుంది. దాసన్న కూడబలుక్కున్నాడు. 'పై కంతకు మూడు పొరల గుడ్డ, వేర్వేరు కాలాల్లో చుట్టినట్టుంది. వట్టి వెదురు కంత కొలత పన్నెండు సెంటీమీటర్లు. మొదటి పొర, ఎర్ర అంచు చీర, తర్వాత పదిన్నర. రెండో పొర, ఆకుపచ్చ చీర, తర్వాత తొమ్మిది. మూడో పొర, నీలం గళ్ళ గుడ్డ, తర్వాత ఎనిమిది. ఎందుకు చిన్నది చేస్తూ వచ్చారో తెలియదు.'

అంటే ఆమె చెయ్యి... అంది అమ్మాయి. పెన్నుకు మూత పెట్టింది.

గడియారం పన్నెండుకు పది నిమిషాలు తక్కువ. ఎర్ర అంచు చీర నాలుగేళ్ళ కిందటిది, ఊరి దేవర జాతర నాడు కట్టుకున్నది, ఆ ఎండాకాలం భీమక్క చెరువులోంచి వచ్చి, చేప పైనుంచి ఎగిరిపోతాండాది, అంది. ఏం, పట్టడం మరిచిపోయినావా, అన్నాడు అతను, బీడీ ముట్టించుకుంటూ. ఆకుపచ్చ చీర మరుసటి ఏడు. ఆ ఏడు కూడా అంది, కంత లూజయింది సూడు అని, ఊతను తెచ్చి అతని ముందు పెట్టి, తన చెయ్యి దూర్చి, చుట్టూ ఉన్న సందు చూపించింది. చూపించింది. అతను ఊతను చూశాడు. వెదురు సాగింటాది, నీళ్ళలో నాని, అన్నాడు. వెదురు సాగుతుందా. ముప్పై ఏళ్ళు పుట్టి అల్లినవాడికి తెలియదా వెదురు సాగదని. వెదురు సాగదు. తోలు సాగుతుంది, తాడు సాగుతుంది, వెదురు విరుగుతుంది గానీ సాగదు. ఆమె చెయ్యి తీసుకుని, అంతేనేమోలే, అంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయని ఆ ఏడే రెండు గాజులు తీసి గూట్లో పెట్టింది. గాజులు ఏమైనాయి అని అడిగాడు. అడగలేదు అనుకోకూడదు, అడిగాడు, అన్నం తింటూ అడిగాడు. చప్పుడు చేస్తాండాయని తీసినా అంది. మంచిదే అన్నాడు. ఆ తర్వాతి ఏడు లుంగీ. ఉండే రెండూ అయిపోయినాయి. రెండు చీరలు చుట్టినా ఇంకా వదులుగా ఉంది, మూడోదానికి గుడ్డ లేదు, చెప్పింది గదా, ఉన్నదున్నట్టు చెప్పింది, ఎర్రదీ అయిపోయింది, పచ్చదీ అయిపోయింది, ఇంకేం మిగిలింది నీ లుంగీ తప్ప. రెండు రోజులు మాట్లాడలేదు అతను. జానెడు గుడ్డకు.

ఒకసారి తాకి చూడొచ్చా, అని అడిగాడు. అమ్మాయి అటూ ఇటూ చూసి, దిమ్మెకు అడ్డంగా కట్టిన తాడు ఎత్తింది. దాసన్న దిమ్మె ముందు గొంతుక్కూర్చున్నాడు. వెదురు ఎండి తేలికైపోయింది, బురద వాసన పోయింది, ఏదో మందు వాసన. ఎల్లుండి చేయాల్సిన పని ఇప్పుడే చేతికి అలవాటు చేస్తున్నట్టు వేళ్ళు దగ్గరికి ముడిచి కంతలో పెట్టాడు. వేళ్ళు దూరాయి. అరచెయ్యి మెలితిప్పితే దూరింది. మణికట్టు దాటి నాలుగు వేళ్ళ దూరం పోయి ఆగిపోయింది. నెట్టాడు. నీలం గళ్ళ గుడ్డ చర్మానికి బిగిసింది. భుజం దాకా జారిపోయిన చోట. ఆడవాళ్ళు పడీ పడీ నవ్విన చోట. తన చెయ్యి లావెక్కిందా? లావెక్కలేదు, అరవైకి దగ్గరపడ్డాక చేతులు లావెక్కవు. ఈ కంతలోంచి పోయిన ఏటి ముందు ఏడు ఆమె చెయ్యి మోచేయి దాటి దూరింది, దూర్చి బురదలో కొరమీనును పట్టుకుని తెచ్చింది, తెచ్చి కోసి వండింది, పులుసులో ఉప్పు తక్కువైందని అతను చెప్పాడు. ఇంత సన్నటి చేతితో. ఇంత సన్నటి చెయ్యి రోజూ తన ముందు కంచం పెడుతుంటే. ఉన్నది ఇద్దరు. చూడాల్సింది ఒక్కరిని.

చెయ్యి తీయడానికి కొంచెం కష్టమైంది. అమ్మాయి ఊతను పట్టుకుంది. ఏమైనా అడిగి ఉంటే తిట్టేవాడు. వాకిట్లో మోటారు సైకిలు ఆగింది.

సారు పేరు రాజశేఖర్. చెమట తుడుచుకుంటూ వచ్చాడు, నమస్కారం పెట్టాడు, మంచివాడిలాగే ఉన్నాడు. దాసన్న వచ్చిన పని చెప్పాడు, నాలుగు మాటల్లో. ఆ నాలుగు మాటలకు రాజశేఖర్ తల ఊపుతూనే ఉన్నాడు, ఇంతలో అమ్మాయి ఆగలేక కార్డు చూపించి, ఇది గంప కాదు సార్, ఆడవాళ్ళు చేపలు పట్టే ఊత, చేతి కొలతకు అల్లుకుంటారట, అని చెప్పింది. మూడు పొరల సంగతి కూడా చెప్పబోయి దాసన్న మొహం చూసి మింగేసింది. కానీ సారుకు ఆ సగం చాలు. దిమ్మె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కోళ్ళ గంపలు మన దగ్గర ఇంకా రెండున్నాయి, ఇదైతే ఎక్కడా లేదు, అన్నాడు. ఇది ఇక్కడే ఉండాలి పెద్దాయనా, అన్నాడు. నడి గదిలో పెడదాం, గాజు పెట్టె చేయిద్దాం, మీ భార్య పేరు రాద్దాం, పెద్దక్షరాలతో, ఫొటో ఉంటే తెచ్చివ్వండి, మీరు ఇక్కడ కూర్చుని అన్నీ చెప్పండి, రికార్డు చేసుకుంటాం, ఆమె గురించి, ఆ గుడ్డలు ఎందుకు చుట్టిందో దాని గురించి, వచ్చిన ప్రతివాళ్ళూ మీ గొంతు వింటారు. ఎల్లుండి కార్యానికి దీని లాంటిదే ఒకటి అల్లించి ఇస్తాం.

పేరు రాస్తారు. భీమక్క అని. అల్లినవారు తెలియదు అని ఉన్నచోట. ఒక క్షణం దాసన్నకు ఆ అక్షరాలు కనపడ్డాయి కూడా. దాని కింద మూడు పొరలు, పన్నెండు, పదిన్నర, తొమ్మిది, ఎనిమిది. బడిపిల్లలు వరసగా వస్తారు, అయ్యవారు బెత్తంతో చూపిస్తాడు, చూడండి పిల్లలూ, ఈమె చెయ్యి ఎట్లా సన్నబడుతూ వచ్చిందో. ఎవడో ఒకడు అడుగుతాడు, ఇంట్లోవాళ్ళు చూడలేదా సార్. గాజు పెట్టె పక్కన డబ్బాలోంచి తన గొంతు జవాబు చెప్పాలి. రోజూ. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా. ఆమెకేమో చెయ్యి ఆరదు.

"సార్," అన్నాడు దాసన్న. "ఇది కోళ్ళ గంపే."

రాజశేఖర్ అతని వైపు చూశాడు. అమ్మాయి చూడలేదు.

"మీ పాప అడిగితే ఏదో నోటికొచ్చింది చెప్పినా. ఇట్ల చెప్తే ఇస్తారనుకున్యా. మా ఇంట్లో కోళ్ళను దీనికిందే కమ్మేవాళ్ళం. మీరు రాసిందే రైటు."

"మరి పైన కంత?"

"గింజలు ఏసేదానికి."

"గుడ్డలు?"

"కోడి మెడ గీరకుండా." ఇంతకంటే పిచ్చి జవాబు ఎవరూ చెప్పలేరని అతనికే తెలుసు. "ముసిలిది అల్లింది, దానికి మీ మాదిరి చదువా చట్టుబండలా. గంప మాకు కావాల, కోళ్ళుండాయి. మీకాడ రెండుండాయంటిరి గదా."

కాపలా మనిషి గుమ్మంలో నిలబడి నవ్వాడు. రాజశేఖర్ నవ్వలేదు. అతని చూపు దాసన్న కుడిచేతి మీద ఆగింది. మణికట్టుకు నాలుగు వేళ్ళ పైన గుడ్డ బిగిసిన ఎర్రటి వాత, గాజు వేసుకున్నట్టు, ఇంకా పోలేదు. దాసన్న చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. సరే పెద్దాయనా, మూడు గంపలు మాకూ ఎందుకు, తీసుకుపో, అన్నాడు సారు. ఒక కాగితం మీద ప్రమీలారాణి రాసింది, కోళ్ళ గంప ఒకటి, తిరిగి ఇవ్వబడింది. ఆ రాసేటప్పుడు ఆమె పెన్ను కాగితం చిరిగేట్టు నొక్కింది. దాసన్న సంతకం పెట్టాడు. వేలిముద్ర కాదు, సంతకం. తన పేరు తాను రాయగలడు. ఈ గదిలో ఆమె ఆనవాలంతా తుడిచేశాక మిగిలింది ఆ ఒక్క పేరే.

అట్టముక్క దిమ్మె మీదే ఉండిపోయింది. ఊత నెత్తిన పెట్టుకుని బయటికి వస్తే ఎండ మొహం మీద కొట్టింది. నబీ ఆటోలోంచి దూకి, ఇచ్చినారా, అల్లా, ఇచ్చినారు సూడు, నేను చెప్పలేదా, అని ఊతను రెండు చేతులా అందుకుని వెనక సీటు మీద, మనిషిని కూర్చోబెట్టినట్టు, జాగ్రత్తగా పెట్టాడు. దాసన్న దాని పక్కన కూర్చున్నాడు. ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా ఊత అతని మోకాలికి తగులుతోంది. ఒకసారి జరిపాడు. మళ్ళీ తగిలింది. ఇంక జరపలేదు. ఊరు దాటి, రాళ్ళ పాలిషింగు షెడ్లు దాటి, శనగచేల మధ్యకు వచ్చాక నబీ అద్దంలోంచి చూశాడు.

"దాసన్నా, లోపల ఏమన్యారు? కోళ్ళ గంప, కోళ్ళ గంప అని కాపలాయప్ప నవ్వుతాండ్య. నువ్వే చెప్పినావంట గదా. భీమక్కది పట్టుకోని అట్లెట్ల చెప్పినావప్పా?"

దాసన్న రోడ్డు వైపు చూస్తున్నాడు. ఎల్లుండి పొద్దున్నే పోవాలి, ఆడవాళ్ళు గట్టు మీదికి రాకముందే. నీళ్ళు అలుగు పక్క మడుగులో మాత్రమే ఉన్నాయి, మోకాలి లోతు, చాలు. చెయ్యి ఎంతదాకా పోతే అంతదాకా పెడతాడు. మణికట్టు దాటి నాలుగు వేళ్ళ దూరం పోతుంది. గుడ్డలు విప్పడు. విప్పితే భుజం దాకా పోతుంది, కానీ అది ఆమె చివరి రోజుల చేతి కొలత కాదు. దించి, ఖాళీ చెయ్యి తీసి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాడు. వెనక్కి చూడకూడదనే ఆచారం పెట్టినవాడు ఎవడో గానీ మగవాడే అయ్యుంటాడు.

భీమక్క మోసం చేసి చచ్చిపోయింది. ఆ మాట అలవాటుగా నోటిదాకా వచ్చింది. నాలుక మీద నిలబడలేదు.

"నబీ."

"ఆఁ, చెప్పప్పా."

"ఈ మాట ఇంగ నా ముందర ఎత్తద్దు. నువ్వు అడగద్దు. నేను చెప్పను. ఎవురడిగినా చెప్పను. చచ్చేదాకా చెప్పను."

నబీ అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. ఆటో ఎర్రచెరువు దారి పట్టింది.